రెండు వందల ముప్పై వోల్టులు

ముందే చెబుతున్నాను, మా ఆయన హంతకుడు కాదు, మూర్ఖుడు. ఈ రెంటికీ తేడా తెలియనివాళ్లు మా ఊళ్లో బోలెడుమంది ఉన్నారు. వాళ్లకు చెప్పీ చెప్పీ నా నోరు ఎండిపోయింది. ఇక వాళ్ల ఇష్టం. నేను మాత్రం జరిగింది జరిగినట్టు చెబుతాను. వినేవాళ్లు వినండి, లేనివాళ్లు లేచి పోండి.

పత్తికొండ పక్కన మాది మెట్ట ఊరు. నా పేరు సోమక్క, మా ఆయన అయ్యన్న. ఆయన అన్న బొజ్జన్న, నాకు బావ. అన్నదమ్ముల పొలాలు పక్కపక్కనే, మధ్యలో ఒక్క గట్టు. ఆ గట్టు ఎవరిదనే గొడవలో పోయిన ఎండాకాలం మా బావ మా ఆయన ముందు పళ్లు రాలగొట్టాడు. మా ఆయన ఊరుకున్నాడా? బావ చెవి కొరికి ఊశాడు. ఇద్దర్నీ ఒకే ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోతే ఆటోలో కూడా తన్నుకున్నారు. తగలెయ్యాలి ఈ మగతనాలను!

బావకు ఒక్కడే కొడుకు, ఉమామహేశ్. వాడి తల్లి ఈరక్క, వాడు నడక నేర్వకముందే జ్వరమొచ్చి కన్నుమూసింది. అప్పటికి నా కూతురూ వాడి ఈడుదే. ఇద్దర్నీ చెరో చంకన వేసుకుని పెంచాను. కూతురు పెళ్లయి కమలాపురం పోయింది. వాడు మాత్రం, తండ్రికీ చిన్నాయనకూ మాటల్లేకపోయినా, మా పెరటి వాకిలి గుండా వచ్చి "సిన్నమ్మా, ఏముండాది తిననీకి?" అంటూ గిన్నెల మీది మూతలు తీసేవాడు. మా ఆయన చూసీ చూడనట్టు అటు తిరిగి కూర్చునేవాడు. ఆయన పగంతా అన్న మీదే. పిల్లోడంటే ప్రాణం, ఆ మాట ఒప్పుకోడు గానీ.

ఈ ఏడు వేరుశనగ మీద అడవిపందులు పడ్డాయి. ఒక్కో రాత్రి గుంపుగా వచ్చి ఊడలు దిగి కాయ పట్టబోయే చెట్టును వేళ్లతో సహా పెళ్లగించి పోయేవి. ఉమామహేశ్ ఆదోనిలో ఐటీఐ చదివినవాడు. తెల్లటి పెట్టె ఒకటి, సోలార్ పలక ఒకటి తెచ్చి, గట్టు పొడవునా రాతి కూసాలు పాతి, వాటికి ప్లాస్టిక్ గుబ్బలు బిగించి, తీగ లాగి ఝట్కా కంచె కట్టాడు. రాత్రి ఆ పెట్టె వేస్తే, తీగకు మూతి తగిలిన పంది కీచుమని అరిచి వచ్చిన దారినే పోయేది.

పగలు పెట్టె ఆపేస్తాడు. పొద్దున కరెంటు రాగానే మోటారు వేసి పొలానికి తడి కట్టి, నీళ్లు పారేలోపు కంచె కింద గడ్డి కోస్తాడు. గడ్డి మొలిచి తీగకు తగిలితే ఆ కరెంటంతా నేలలోకి కారిపోతుందట. అందుకని తీగను ఎడమచేత్తో గట్టిగా పట్టి పైకెత్తి, కుడిచేత్తో కొడవలి ఆడిస్తూ పోయేవాడు. కంచె కట్టినప్పటినుంచి రోజూ వాడికి అదే పని.

ఒకరోజు మబ్బు కమ్మి తొందరగా చీకటి పడేట్టు ఉందని పొద్దుగూకకముందే పెట్టె వేశాడు. మా ఆయన గట్టు దాటుతూ, పగలే కదా అని తీగ మీద చేయి వేశాడు. ఠప్పుమని కొట్టింది. ఎగిరి బురద కాలువలో వెల్లకిలా పడ్డాడు. కలుపు తీస్తున్న ఆడవాళ్లు పగలబడి నవ్వారు. వాళ్లలో గిడ్డమ్మకు నోరు పెద్దది.

"ఏమప్పా అయ్యన్నా, పందులకు కట్టిన కంచె నీకెట్ల పనిచేసింది?" అంది.

అంతే. మా ఆయన బురద ఓడుతూ లేచి, చేతికందిన పార తీసుకుని ఉమామహేశ్ మీదికి పోయాడు. పార వీపుతో తల మీద ఒక్కటిచ్చాడు. నెత్తురు కంట్లోకి కారింది. అది చూసి బావ కట్టె పట్టుకుని ఉరికొచ్చాడు. మా ఆయన వీపు మీద ఎడాపెడా వాయించాడు. మధ్యలో దూరిన నాకూ ఒకటి తగిలింది. "మీ చేతులు పడిపోను! మీ ఇద్దర్నీ ఒకే గుంతలో పెడతా!" అని నేను ఇద్దర్నీ కలిపి తిట్టాను. తిట్లకు ఆగే రకాలా వాళ్లు?

మా ఆయన పెట్టె వైపు వేలు చూపించి అరిచాడు. "దాని మీద ఎనిమిది వేల ఓల్టులని రాసుండాదిరా! నన్ను సంపాలని ఎనిమిది వేలు పెట్టినావు గదరా, లంజాకొడకా!"

ఉమామహేశ్ కంట్లో నెత్తురు తుడుచుకున్నాడు. వాడికి తండ్రి కోపమూ రాలేదు, చిన్నాయన మొండితనమూ రాలేదు. నేరుగా పోయి ఆ తీగనే పట్టుకున్నాడు. పెట్టె టిక్కుమన్నప్పుడల్లా వాడి భుజం ఎగిరిపడుతోంది. పళ్లు బిగబట్టి నవ్వుతున్నాడు.

"సూడు సిన్నాయనా, సచ్చినానా? ఓల్టు అంటే ఉత్త తోపుడు. మనిషిని సంపేది తోపుడు కాదు, ఒంట్లో పారే కరెంటు. ఈ పెట్టెలో తోపుడు ఎనిమిది వేలే, కానీ దానెనక ఉండేది చెంబెడు నీళ్లు. కన్నుమూసి తెరిచేలోగా అయిపోతాది. నీ మోటారు లైన్లో ఉండేది రెండొందల ముప్పయ్యే, కానీ దానెనక చెరువుండాది. దారి దొరికితే పారతానే ఉంటాది. నీ ఒళ్లు, కాలికింద చెప్పు, ఎండు నేల, ఇవి దానికి అడ్డం. అడ్డం ఉంటే కొంచెం పారతాది. ఒళ్లు తడిసి, నేల తడిస్తే అడ్డం పోయినట్లే. అప్పుడు ఆ రెండొందల ముప్పయ్యే మనిషిని తినేస్తాది."

నేను విన్నాను. మా ఆయనా అక్కడే ఉన్నాడు. కానీ ఆయన చెవుల్లో ఇంకా ఆడవాళ్ల నవ్వే మోగుతున్నట్టుంది. ఎనిమిది వేలు, రెండు వందల ముప్పై, ఈ రెండు అంకెలే ఆయన బుర్రకెక్కాయి. పార భుజాన వేసుకుని, ఉమ్మేసి, ఇంటికి వచ్చాడు. ఆపైన మూడు నాలుగు రోజులు ముద్ద ముందు పెడితే తిన్నాడు, లేచి పోయాడు.

ఆ తర్వాత ఒక పొద్దున నేను వాకిట్లో రోలు ముందు కూర్చుని ఎండుమిరపకాయలు దంచుతున్నాను. మా ఆయన పొలం నుంచి వచ్చి నులకమంచం మీద కూర్చున్నాడు. మొహం వెలిగిపోతోంది. ముందు పళ్లు లేని నోటితో ఈల వేయబోతే గాలి పోతోంది, అయినా వేస్తున్నాడు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

"ఏంది సంగతి, అంత కుశాలుగా ఉండావు?" అన్నాను.

"ఈ పొద్దు నీ ముద్దుల కొడుకు బురదలో ఎట్ల పడతాడో పోయి సూసిరా పో. ఆ గిడ్డమ్మ వాళ్లే నవ్వుతారు, నన్ను నవ్వినట్ల."

"ఏం జేసినావు?"

"ఏముండాదిలేమ్మే. మన స్టార్టరు పెట్టెకాడి నుంచి ఒక వైరు లాగి వాని తీగకు తగిలిచ్చినా. ఇంతకింత జెయ్యకుంటే ఎట్ల?"

నా చేతిలో రోకలి ఆగిపోయింది. ఆయన నా మొహం చూసి, నన్ను ఓదార్చేవాడిలాగా నవ్వాడు.

"పిచ్చిదానా, వానిది ఎనిమిది వేలు. నేను తగిలిచ్చింది రెండొందల ముప్పై. మన పిల్లోడు గదా అని తక్కువదే పెట్టినా. ఊరికే పెట్టినానా? నేనే ముట్టుకొని సూసినా. చీమ కుట్టినట్ల జుమ్మంది, అంతే."

"నీ కాళ్లకు చెప్పులుండినాయా?"

"ఉండినాయి. ఏం?"

"వాడు ఉత్త కాళ్లతో తడి కడతాండాడు గదప్పా!"

మా ఆయన నవ్వు సగంలో నిలిచిపోయింది. ఆ మనిషికి అప్పుడు అర్థమైందో, నా అరుపుకే బెదిరాడో నాకు తెలియదు. నేను రోకలి పట్టుకునే పరుగు తీశాను. పరుగులోనే ఫోను చేశాను. మోగింది, మోగింది, ఎత్తలేదు. తడిలో దిగేటప్పుడు ఫోను మోటారు కొట్టంలో పెట్టి పోతాడు వాడు. నా వెనక మా ఆయన వస్తున్న చప్పుడు వినిపిస్తోంది. చెప్పులు ఎక్కడ జారిపోయాయో, ఆయనా ఉత్త కాళ్లతోనే పరుగెత్తుతున్నాడు.

ఊరి చివర దిబ్బ ఎక్కితే మా పొలాలు కనబడతాయి. ఉమామహేశ్ చీలమండల దాకా బురదలో నిలబడి ఉన్నాడు, కొడవలి చేతిలో ఉంది. "రేయ్! ముట్టుకోవాకురా! ఉమా! తీగ ముట్టుకోవాకురా!" అని నా గొంతు చిరిగిపోయేట్టు అరిచాను. రెండు మోటార్ల మోతలో ఎవరికి వినపడుతుంది? వాడు నన్ను చూశాడు. రోకలి ఎత్తుకుని ఉరుకుతున్న చిన్నమ్మను చూసి, మళ్లీ ఎవరితోనో తగువు పెట్టుకున్నదనుకున్నాడేమో, నవ్వుతూ కొడవలి ఊపాడు. ఊపి, రోజూ చేసినట్టే, ఎడమచేత్తో తీగను పట్టుకున్నాడు.

వాడు అరవలేదు. ఒళ్లంతా ఒక్కసారి బిగుసుకుని, మోకాళ్ల మీద బురదలోకి కూలాడు. చేయి మాత్రం తీగను వదల్లేదు. వదలాలని ఉన్నా వేళ్లు తెరుచుకోవు, ఆ కరెంటే మూసేస్తుంది.

దిబ్బ దిగి ఉరికి, గట్టు చేరగానే "పోయి స్టార్టరు ఆపు! పో!" అని మా ఆయనను తోశాను. ఆయన పడుతూ లేస్తూ పోయి ఎర్ర బుడిపె నొక్కాడు. మా మోటారు ఆగింది.

"ఆపినా మే! ఆపినా!" అని కేక వేశాడు.

నేను పిల్లోడి మీద చేయి వేయబోయి ఆగాను. వాడి దవడలు ఇంకా కొట్టుకుంటున్నాయి, అరచేతి నుంచి పొగ లేస్తోంది, తోలు కాలిన కంపు. మా ఆయన వైరును స్టార్టరుకు పైన, కరెంటు వచ్చే చోట కట్టాడు. బుడిపె నొక్కితే మోటారు ఆగుతుంది గానీ తీగలోది ఎందుకు ఆగుతుంది? ఆయనకు ఆ సంగతి తెలియదు. ఆపేశాననే ధైర్యంతో రెండు చేతులూ చాపి, ఉత్త కాళ్లతో, బురదలో పడి పిల్లోడి మీదికి వస్తున్నాడు.

"రావాకు! ముట్టుకోవాకు!" అన్నాను. వినే స్థితిలో లేడు. "నాయనా, నాయనా" అంటూ వస్తున్నాడు. ముట్టుకుంటే ఆయనా అంటుకుపోతాడు, నాకు రెండు శవాలు. రోకలి గిరుక్కున తిప్పి ఆయన మోకాలి చిప్ప మీద వేశాను. టప్పుమని పగిలింది. ఆయన కుప్పకూలి, నేల కరుచుకుని, గొర్రెలా అరిచాడు. అరవనీ అనుకున్నాను, బతికుంటే చాలు.

వెంటనే పిల్లోడి మణికట్టు మీద వేశాను. వదల్లేదు. మళ్లీ వేశాను. నేను పెంచిన చేయి అది. కుంకుడురసం పోసి నేనే కడిగిన చేయి. కట్టెలు కొట్టినట్టు కొట్టాను. "వదులురా! వదులు! నీ యమ్మ, వదులు!" అని తిడుతూ, ఏడుస్తూ, ఎముక విరిగి చేయి వేలాడేదాకా కొట్టాను. అప్పుడు వేళ్లు విడిచాయి. వాడు వెనక్కి, నా కాళ్ల మీద పడ్డాడు.

తీగకు దూరంగా వాడిని ఈడ్చాను. ఊపిరి లేదు. రొమ్ము మీద చెవి పెట్టాను, ఏమీ లేదు. ఉపాధి పనిలో ఒకసారి ఒకామె ఎండదెబ్బకు గుడ్లు తేలేస్తే, ఆసుపత్రి నర్సమ్మ వచ్చి ఆమె రొమ్ము మీద చేతి మీద చేయి వేసి ఆపకుండా అదిమింది. "ఆపితే పోతాదమ్మా" అని మాకందరికీ చెప్పింది. నాకు గుర్తున్నది ఆ మాట ఒక్కటే. పిల్లోడి పక్కన మోకాళ్లు వేసి, చేయి మీద చేయి వేసి, నా బరువంతా పెట్టి అదమడం మొదలుపెట్టాను.

కలుపు ఆడవాళ్ల కేకలకు మా బావ వచ్చాడు. చేను పైన తుమ్మకంప కొడుతున్నవాడు గొడ్డలితోనే వచ్చాడు. కొడుకును చూశాడు. మోకాలు పట్టుకుని దొర్లుతున్న తమ్ముణ్ని చూశాడు. కంచె నుంచి మా స్టార్టరు దాకా పోయిన నల్లటి వైరును చూశాడు.

"ఎవుర్రా తగిలిచ్చింది?" అన్నాడు. గొంతు చాలా చిన్నగా ఉంది.

మా ఆయన అబద్ధం చెప్పి ఉండవచ్చు. నాకు తెలియదని అన్నా సరిపోయేది. జీవితమంతా అన్నతో అడ్డదిడ్డంగా వాదించిన మనిషి, ఆ ఒక్కరోజు ఉన్నదున్నట్టు చెప్పాడు.

"నేనేన్నా. నేనే తగిలిచ్చినా. తక్కువదే పెట్టినాన్నా. ఎనిమిది వేలు కాదు. మన పిల్లోడు గదా అని, శానా తక్కువది పెట్టినా."

బావ గొడ్డలి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"బావా!" అని అరిచాను. "నీ కొడుకు ఈడ నా చేతికింద ఉండాడు! ఆ గొడ్డలి పారేసి ఈడికి రా! వాని నోట్లోకి గాలి ఊదు! తరువాత సంపుకుందువు గానీ రా!"

ఆయన నా వైపు తిరిగాడు. ఆ కళ్లలో మనిషి లేడు. కొడుకు చచ్చిపోయాడనే అనుకున్నాడు. నేను శవం మీద పడి ఏడుస్తున్నాననుకున్నాడు. మళ్లీ తమ్ముడి వైపు నడిచాడు.

"గిడ్డమ్మా! నువ్వన్నా రామే! ఈడ అదుము, నేను పోతా! రామే నీ కాళ్లు మొక్కుతా!" గిడ్డమ్మ రెండు చేతులతో నోరు మూసుకుని గట్టు మీద కూలబడింది. మిగతావాళ్లు ఊరివైపు పరుగెత్తుతున్నారు. నా ముందు పిల్లోడి మొహం నల్లబడి ఉంది. నా వెనక మా ఆయన పాకుతున్నాడు, లేవలేడు, నేనే కదా ఆ మోకాలు పగలగొట్టింది. నా చేతులెత్తితే వీడు పోతాడు. ఎత్తకపోతే ఆయన పోతాడు. ఇంత కష్టం పగవాళ్లకు కూడా వద్దు.

"సోమీ!" అన్నాడు మా ఆయన.

అదిమాను.

గొడ్డలి దిగిన చప్పుడు వినిపించింది. పచ్చి మొద్దు మీద పడ్డట్టు ఉంది. నా మెడ మీద వెచ్చగా చుక్కలు పడ్డాయి. "సోమీ, సోమే" అని ఇంకోసారి పిలిచాడు. నేను తిరగలేదు. మళ్లీ పడింది. మళ్లీ. నేను అదుముతూనే ఉన్నాను. పిల్లోడి పక్కటెముక ఒకటి నా చేతికింద పుటుక్కుమంది, అయినా ఆపలేదు. నా చెమట, కన్నీళ్లు, ఆయన నెత్తురు అన్నీ కలిసి వాడి మొహం మీద పడుతున్నాయి. దేవుళ్లందర్నీ పేరు పేరునా తిట్టాను, అహోబిలం నరసింహుణ్ని కూడా వదల్లేదు. వెనక పిలుపు ఆగిపోయింది. గొడ్డలి చప్పుడు మాత్రం ఇంకా ఆగలేదు.

అప్పుడు వాడు దగ్గాడు.

ముందు ఒక్క దగ్గు, తర్వాత గొంతులో గురగుర, తర్వాత ఒళ్లంతా కదిలేట్టు ఒక పెద్ద ఊపిరి. ఆ దగ్గు బావ కూడా విన్నాడు. తిరిగి చూశాడు. కొడుకు కాలు కదిలింది. గొడ్డలి ఆయన చేతుల్లోంచి జారిపోయింది. తమ్ముడి పక్కన కూలబడి, తెగిన ఆ మెడను ఒడిలోకి తీసుకుని కుదపడం మొదలుపెట్టాడు.

"లెయ్‌రా అయ్యన్నా! బతికినాడురా! పిల్లోడు బతికినాడు, లెయ్ తమ్ముడా, లెయ్!"

నేను అప్పుడు చేతులెత్తి వెనక్కి తిరిగాను. మా ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి, నా వైపే ఉన్నాయి.

బావ ఇప్పుడు కడప జైల్లో ఉన్నాడు. ఊళ్లోవాళ్లు ఎవరికి తోచింది వాళ్లు అంటున్నారు. అయ్యన్న కంచెకు కరెంటు పెట్టి అన్నకొడుకును చంపబోయాడని కొందరు, సోమక్క మొగుడి కాలు విరగ్గొట్టి బావకు అప్పగించిందని కొందరు. నా ఎదుట అనమనండి, ఆ రోకలి ఇంకా నా ఇంట్లోనే ఉంది.

ఉమామహేశ్ ఎడమచేయి అతుక్కుంది గానీ వేళ్లు ముడుచుకుపోయాయి. కుడిచేతికి వణుకు వచ్చింది, ముద్ద నోటిదాకా రాదు. వాడిని మా ఇంటికి తెచ్చుకున్నాను. పూటపూటకూ నేనే కలిపి తినిపిస్తున్నాను. చాన్నాళ్లు వాడు నా మొహం చూడలేదు, కంచం వైపు చూస్తూ నోరు తెరిచేవాడు. నిన్న జొన్నసంగటిలో పప్పు కలిపి ముద్ద చేస్తుంటే, తల ఎత్తకుండానే అడిగాడు.

"సిన్నమ్మా, సిన్నాయన పిలుస్తాంటే నీకు వినపల్లేదా?"

"వినపడింది" అన్నాను. "నోరు తెరువు."